ద్రాక్షపందిరి కింద ఎక్కాలు

టీచరు ట్రైనింగ్ పూర్తిచేసి, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న రోజులవి. డెబ్బైల మొదట్లో. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చి మెహదీపట్నంలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు. పొద్దున కూరగాయలు తరగడం, మధ్యాహ్నం పేపర్లో ఉద్యోగ ప్రకటనలు వెతకడం, ఆదివారం చర్చికి వెళ్ళి రావడం. ఇంతకు మించి నాకు పనేమీ ఉండేది కాదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా స్త్రీల సమాజం పెద్ద నన్ను గుమ్మం దగ్గర ఆపారు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ ఏం చెప్పినా హాజరుపట్టీ చదువుతున్నట్టే ఉండేది.

"నీకు సైకిల్ తొక్కడం వచ్చా?" అని అడిగారు.

రాదన్నాను.

"నేర్చుకో. పనుంది."

పనేమిటో తర్వాత చెప్పారు. ఊరికి పడమట రాళ్ళగుట్టల మధ్య ఉన్న పల్లెల్లో మన క్రైస్తవ కుటుంబాలు కొన్ని పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్నాయి. దగ్గర్లోని బళ్ళు చిన్న తరగతులతో ఆగిపోతాయి. పై చదువుకి పట్నంలో హాస్టల్లో పెట్టాలి. పిల్లల్ని దూరం చేసుకోవడం వాళ్ళకి ఇష్టం లేదు. పొద్దునా సాయంత్రం వాక్యం చదువుకుని, కలిసి ప్రార్థన చేసుకుని, ఇంటి మధ్యనే పెరగాలని వాళ్ళ కోరిక. కోరిక మంచిదే కానీ చదువు చెప్పే తల్లులు ఒంటరిగా అవస్థ పడుతున్నారు. పుస్తకాలు తీసుకెళ్ళి ఇచ్చి, సందేహాలు తీర్చి, కాస్త ధైర్యం చెప్పి రావడానికి ఒక మనిషి కావాలి.

మా నాన్నగారు ససేమిరా అన్నారు. ఆడపిల్లకి సైకిలేమిటి, ఆ గుట్టల్లోకి ఒంటరిగా వెళ్ళడమేమిటి అన్నారు. అమ్మ మాత్రం, "ఇంట్లో కూర్చుని వంకాయలు బొటనవేలంత ముక్కలు తరుగుతోంది. ఏదో ఒక పని చేయనీయండి," అంది. నా కూరగాయల పనితనమే నాకు దారి చూపించింది.

చర్చి వాళ్ళ పాత లేడీస్ సైకిల్ ఒకటి దొరికింది. ఇంటి పక్క మైదానంలో రెండు వారాలు పడి లేచాను. మోకాళ్ళు మానకముందే ఒక శనివారం పొద్దున క్యారియర్‌కి పుస్తకాల సంచి కట్టుకుని షేక్‌పేట మీదుగా బయల్దేరాను. దర్గా దాటాక రోడ్డు మీద నేనూ, అక్కడక్కడా ఎద్దులబండ్లూ. రెండు పక్కలా ఎవరో పేర్చి పెట్టినట్టున్న బండరాళ్ళు. ఇప్పుడక్కడ కారు ఆపుకోవడానికి చోటు దొరకదు. అప్పుడు దారి అడుగుదామంటే మనిషి దొరికేవాడు కాడు.

మొదటి ఇల్లు ఖాజాగూడ చెరువు అవతల ఒక ద్రాక్షతోటలో. తోట పట్నంలో ఉండే ఒక సాహెబుగారిది. దాన్ని చూసుకునే ఆయన తెనాలి వైపు మనిషి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పెంకుటిల్లు, ఇంటి చుట్టూ రాతి స్తంభాల మీద తీగలల్లుకున్న పందిళ్ళు. నేను వెళ్ళేసరికి పిల్లలిద్దరూ తలకి నూనె రాసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, చాప మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చీర కొంగు నలుపుతోంది.

"ఏదైనా అడగండి. చెప్తారండీ," అంది.

పిల్లవాణ్ణి కృష్ణానది గురించి చెప్పమన్నాను. వాడు లేచి నిలబడి కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. పుట్టిన చోటు, ఉపనదులు, సముద్రం, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయి, "పదిహేడో పేజీ చూడుము" అని ముగించి కూర్చున్నాడు. నాకు నవ్వాగలేదు. నా నవ్వు చూసి ఆవిడ గబుక్కున ఏడ్చేసింది.

"పాడుచేస్తున్నానండీ పిల్లల్ని. నాకు తెలుసు. మీరు పై నుంచి తనిఖీకి వచ్చారు కదండీ? హాస్టల్లో వేయమని రాస్తారా?"

నేను ఎవరికీ ఏమీ రాయననీ, పుస్తకాలిచ్చి పోవడానికి వచ్చాననీ నమ్మించేసరికి రెండు గ్లాసుల మజ్జిగ అయ్యాయి. ఆ తర్వాత ఆవిడ తేలికపడి చెప్పింది. "మా ఆయన అంటారండీ, హాస్టల్లో వేసి వాళ్ళకోసం ఏడ్చేకంటే ఇంట్లో పెట్టుకుని వాళ్ళతో పాటు ఏడవడం నయం అని." ఆ పూట నుంచి ఆవిడ నాకు తోట అక్క అయింది.

రెండో ఇల్లు పుప్పాలగూడలో. ఆ ఇంటాయన రాళ్ళు కొట్టే పనిలో మేస్త్రీ. ముగ్గురు పిల్లలు, రెండు బర్రెలు. నేను వెళ్ళేసరికి ఆ ఇంటావిడ పాలు పితుకుతూ గట్టిగా పన్నెండో ఎక్కం చెప్తోంది. పిల్లలు పశువుల పాక చుట్టూ తిరుగుతూ తిప్పి అంటున్నారు. పాల చప్పుడుకీ ఎక్కానికీ తాళం కుదిరిపోయింది.

"నువ్వేనా సైకిల్ మీద తిరిగే పిల్లవు? రా, కూసో," అంది చెంబు దించకుండానే. "నేనొక మాట అడుగుత, నవ్వొద్దు. నేను ఐదు దాంక సదివిన. మా పెద్దబిడ్డ ఐదు అయిపాయె. ఇగ నేనేం చెప్పాలె దానికి? దానికంటే ముందుగాల నాకు నేర్పు. నేను పొద్దుగాల నేర్సుకుంట, మాపటికి దానికి చెప్త."

ఆవిడ నిజంగానే అలా చేసింది. నేను వెళ్ళినప్పుడల్లా ముందు ఆవిడకి పాఠం. పలక తొడ మీద పెట్టుకుని, పెదవులు కదుపుతూ, అర్థం కాకపోతే "ఆగు, ఆగు, జర వెనక్కి పో" అని నన్నే గద్దించేది.

మూడో ఇల్లు కోకాపేటలో. ఆవిడ ఒకప్పుడు మెదక్‌లో నర్సుగా చేసింది. భర్త సువార్త చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు. ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. ఊరు దాటి బడికి నడవలేడని ఆవిడే చదువు చెప్తోంది. వాడికి ఒంట్లో ఎముకల పేర్లన్నీ వచ్చు. లెక్కల పుస్తకం తీస్తే మాత్రం కడుపునొప్పి వచ్చేది. "ఆ కడుపునొప్పికి మందు నా దగ్గర లేదు," అనేది నర్సమ్మ నిస్పృహగా.

ఇలా వారం వారం తిరుగుతుంటే నాకొక సంగతి అర్థమైంది. ముగ్గురూ నన్ను అడిగేది ఒక్కటే. "వాళ్ళ పిల్లలు ఎంతవరకు వచ్చారండీ?" అని తోట అక్క. "గాళ్ళు మంచిగ సదువుతుండ్రా?" అని పుప్పాలగూడ అక్క. నర్సమ్మ నేరుగా అడగకుండా, "మిగతావాళ్ళకి భిన్నాలు వచ్చేసుంటాయి లెండి," అని నా మొహంలోకి చూసేది. ముగ్గురికీ మిగతా ఇద్దరూ తమకంటే బాగా చెప్తున్నారని భయం. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పెద్దమ్మగారితో చెప్పాను. "అయితే కలుపు. దానికి నన్ను అడగడమెందుకు?" అన్నారు.

కలిపాను. మాఘమాసపు ఎండలో ఒక శనివారం తోట అక్క ఇంటి దగ్గర అందరం చేరాం. కొడుకు నడవలేడని నర్సమ్మ వాణ్ణి ఎద్దులబండి మీద తీసుకొచ్చింది. నేను చాలా ఊహించుకున్నాను. జరిగింది వేరు.

ముందు ప్రార్థన దగ్గరే తేడా వచ్చింది. తోట అక్క మోకరించింది. పుప్పాలగూడ అక్క నిలబడి చేతులెత్తింది. నర్సమ్మ కూర్చుని తల వంచింది. ముగ్గురివీ మూడు రకాల సంఘాలు. ఎవరికి వాళ్ళు కళ్ళు కొంచెం తెరిచి పక్కవాళ్ళని చూసి మళ్ళీ మూసుకున్నారు. పాట అందుకుంటే పదాలవే, రాగాలు మూడు. ఆమెన్ కూడా ఒకేసారి పడలేదు.

తర్వాత చదువు మాట వచ్చింది. తోట అక్క తన పిల్లవాడితో నది పాఠం అప్పజెప్పించింది. పుప్పాలగూడ అక్క శ్రద్ధగా విని, "మంచిగనే చెప్పిండు. ఆ నదిల నీళ్ళు తాగుతరా, ఉప్పగుంటయా?" అని అడిగింది. వాడు ఆ సంగతి ఏ పేజీలో ఉందో తెలియక వాళ్ళమ్మ వైపు చూశాడు. తోట అక్క మొహం కందిపోయింది.

"పిల్లాణ్ణి అలా అడ్డదారి ప్రశ్నలు అడక్కూడదండీ," అంది.

"అడ్డదారేంది? నీళ్ళ సంగతే గదా అడిగిన."

నేనూ నర్సమ్మా సర్దిచెప్పే పనిలో పడ్డాం. మాటలు చల్లబడి, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాక చూస్తే పిల్లలు ఒక్కరూ లేరు. నర్సమ్మ కొడుకు కూడా లేడు. కర్ర ఊతం లేకుండా నాలుగడుగులు వేయలేనివాడు ఎటుపోయాడని ఆవిడ గాబరాపడింది. బావి దగ్గర చూశాం. చెరువు వైపు పరుగెత్తాం. చివరికి పందిళ్ళ కింద నుంచి నవ్వులు వినిపించాయి.

ఆరుగురూ అక్కడే ఉన్నారు. పుప్పాలగూడ పెద్దపిల్ల నర్సమ్మ కొడుకుని వీపున మోసుకొచ్చి రాతి స్తంభానికి ఆనించి కూర్చోబెట్టింది. తోట అక్క పిల్లలు గుత్తులు తెంపుతున్నారు. మిగతావాళ్ళు తింటున్నారు. మూతులు, చేతులు, చొక్కాలు అన్నీ ద్రాక్షరసం. అనాబ్‌షాహి రకం గుత్తులు అప్పుడప్పుడే తీపెక్కుతున్నాయి.

తోట అక్క గుత్తులు లాక్కోవడానికి పరుగెత్తింది. సాహెబుగారి తోటలో ఒక్క గుత్తి కూడా వాళ్ళు అడగకుండా ముట్టేవారు కాదు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు హారన్ మోగింది. కాయ ఎలా ఉందో చూసుకోవడానికి సాహెబుగారే వచ్చారు.

ఆయన పెద్ద మనిషి. తెల్లటి షేర్వానీ, చేతిలో కర్ర. పందిరి కింద ముగ్గురు ఆడవాళ్ళనీ, నన్నూ, పిల్లల మూతుల్నీ వరసగా చూశారు.

"ఏంది ఇదీ? తోటనా, మదర్సానా?"

తోట అక్క భర్త గేటు వైపు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు.

"అంగూర్ ఎవరు తిన్నరు?"

అడిగిన ప్రశ్నకి నిజం చెప్పాలని మూడిళ్ళలోనూ రోజూ నేర్పేవారు. ఆరుగురూ ఒక్కసారే చేతులెత్తారు. తోట అక్క చిన్నకూతురు ఇంకో అడుగు ముందుకేసి, "నేను ఎక్కువ తిన్నానండీ," అంది.

సాహెబుగారు కర్ర మీద చేతులు పెట్టుకుని గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకి పందిరి అవతల నుంచి చిలకల గుంపు ఒకటి కీచుమంటూ లేచింది. ఆయన నవ్వు ఆగిపోయింది. తలెత్తి చూస్తే గుత్తికి సగం పళ్ళు కొరికి ఉన్నాయి.

"చూసినవా? పోరలు తిన్నది ఎంత, చిలకలు తిన్నది ఎంత!" అని తోట అక్క భర్త మీద విసుక్కున్నారు. పాపం ఆయన చిలకల్ని తోలడానికి డబ్బా కొట్టీ కొట్టీ చేతులు వాచిపోతున్నాయని చెప్పుకున్నాడు.

అప్పుడు పుప్పాలగూడ అక్క ముందుకొచ్చింది. "సాబ్, మా పోరగాండ్లు ఎక్కాలు చెప్తే మా ఊరి కొంగలు గూడ చెరువు ఇడిసి పోతయి. మీరేం ఫికర్ చేయకుండ్రి. పండ్లు కోసే దాంక వీళ్ళు గీడ పందిరి కింద సదువుకుంటరు. మీ తోటల ఒక్క చిలక ఉండదు."

ఆవిడ మాట పూర్తవకముందే పిల్లల వైపు తిరిగి, "పన్నెండు!" అంది. ముగ్గురు పిల్లలూ అందుకున్నారు. పాల దగ్గర అలవాటైన గొంతులు. తోట అక్క పిల్లలు కలిపారు. నర్సమ్మ కొడుకుకి లెక్కలంటే కడుపునొప్పి కదా, వాడు ఎక్కం బదులు ఎముకల పేర్లు అరిచాడు. గుట్టల్లో ప్రతిధ్వని లేచింది. ఉన్న చిలకలు కూడా లేచిపోయాయి.

సాహెబుగారు చెవులు మూసుకుని, "మంజూర్, మంజూర్!" అన్నారు.

అలా మా శనివారం కూటం మొదలైంది. ద్రాక్ష కోతలయ్యేదాకా శనివారాలే కాక, వీలైనప్పుడల్లా వచ్చేవాళ్ళు. కావలి మంచె మీద నర్సమ్మ కొడుకుని ఎక్కించి కూర్చోబెట్టేవారు. చిలకలు ఎటు దిగితే అటు చేయి చూపించి, "ఉత్తరం వైపు, పదమూడో ఎక్కం!" అని ఆజ్ఞ వేసేవాడు. ఆజ్ఞ వేయాలంటే తనకీ రావాలి కనక, నెల తిరక్కుండా వాడికి ఇరవై దాకా వచ్చేశాయి. కడుపునొప్పి ఏమైందో నర్సమ్మకి అంతుపట్టలేదు.

తల్లులూ పని పంచుకున్నారు. నేను చెప్పి చేయించింది కాదు, వాళ్ళకి వాళ్ళకే కుదిరింది. తోట అక్కకి పద్యాలు బాగా వచ్చు, గొంతు కూడా బాగుండేది. తెలుగు ఆవిడకి పోయింది. సైన్సు నర్సమ్మది. లెక్కలు పుప్పాలగూడ అక్కవి. ఇంగ్లీషు, సాంఘికం నావి. ఉప్పునీళ్ళ గొడవ తర్వాత తోట అక్క పిల్లల్ని చూడకుండా చెప్పమనడం తగ్గించి, వాళ్ళని ప్రశ్నలు అడగనివ్వడం మొదలుపెట్టింది. అయితే ఒకటి, పుప్పాలగూడ అక్కని "మీరు" అనడం మానలేదు. "నన్నెందుకమ్మ మీరు మీరు అంటవ్, నేనేమన్న తహసీల్దార్నా?" అని ఈవిడ విసుక్కునేది. "అలవాటండీ," అనేది ఆవిడ. ప్రార్థన మాత్రం చివరిదాకా ఎవరి పద్ధతిలో వాళ్ళే చేసుకున్నారు. రాగాల గొడవ మాత్రం తీరింది. ఒక వారం ఒకరి రాగం.

రెండేళ్ళు అలా గడిచాయి. పుప్పాలగూడ పెద్దపిల్ల, తోట అక్క కొడుకు ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాల్సిన సమయం వచ్చింది. పందిరి కింద కూర్చుని ఆ మాట అనుకుంటున్నప్పుడు నర్సమ్మ ఉన్నట్టుండి పుప్పాలగూడ అక్కని అడిగింది. "నువ్వెందుకు రాయకూడదు? ఆ పిల్లకి నేర్పిందంతా ముందు నువ్వు నేర్చుకున్నావు కదా?"

ఆవిడ మొదట నవ్వింది. తర్వాత మా మొహాలు చూసి నవ్వు ఆపింది. "పరేషాన్ చెయ్యకుండ్రి నన్ను. ఈ వయసుల పరీక్షేంది?"

ఇంటికెళ్ళి భర్తతో చెప్పిందట. ఆయన మాట తక్కువ మనిషి. "పరీక్ష దినాలల్ల బర్రెలు ఎవరు పిండాలె?" అన్నాడట. "నువ్వే," అందట ఈవిడ. ఆయన మరుసటి రోజు నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. బర్రె మొదటి రోజు తన్నింది. రెండో రోజూ తన్నింది. ఆ సంగతి ఆవిడ మాకు నటించి చూపిస్తుంటే తోట అక్క నవ్వలేక పొట్ట పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

పరీక్ష పట్నంలో. ముందురోజే తల్లీకూతుళ్ళు మా ఇంటికొచ్చారు. తోట అక్క కొడుకూ వచ్చాడు. మా నాన్నగారు సైకిల్ వద్దన్న మనిషి కదా, అలాంటిది పొద్దున్నే లేచి ముగ్గురికీ పెన్నుల్లో సిరా పోసి, పాళీలు కాగితం మీద రాసి చూసి ఇచ్చారు. హాల్లో తల్లీకూతుళ్ళకి ముందూ వెనకా బల్లలు పడ్డాయి. లెక్కల పరీక్ష అయ్యాక బయటికొస్తూ కూతురు, "అమ్మా, నువ్వు పెదవులతో ఎక్కం చెప్తుంటే సారు నీ దిక్కే చూసిండు. నాకు సిగ్గయింది," అంది. "సిగ్గెందుకు? తప్పు చెప్పిన్నా?" అంది తల్లి.

ఫలితాలొచ్చిన రోజు నేనే పట్నంలో చూసుకుని సైకిలెక్కాను. పిల్లలిద్దరూ పాసయ్యారు. పిల్లకి లెక్కల్లో చాలా మంచి మార్కులు. పుప్పాలగూడ అక్క అన్నిట్లో పాసయింది, ఒక్క హిందీలో పోయింది. హిందీ ఆవిడకి చెప్పే మా ముగ్గురిలో ఎవరికీ సరిగా రాదు. అందరం తలా కొంచెం చెప్పాం. ఆ తలా కొంచెం చాల్లేదు. దారంతా ఎలా చెప్పాలా అని మథనపడుతూ వెళ్ళాను.

చెప్పాను. ఆవిడ ఒక్క నిమిషం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "అంటే మిగతావన్ని పాసయినట్టేనా?" అంది.

"అన్నీ."

"లెక్కలు గూడ?"

"లెక్కలు మీ అమ్మాయి తర్వాత మీకే ఎక్కువ."

ఆవిడ పాకలోకి వెళ్ళి బర్రె మెడ మీద చేయి వేసి దానికి చెప్పింది ముందు. ఆ తర్వాత భర్తకి చెప్పింది. ఆయన పని ఆపి రాతిపొడి చేతులతోనే చెరువు గట్టుకి వెళ్ళి చేపలు పట్టుకొచ్చాడు. ఆ సాయంత్రం మూడు కుటుంబాలూ ఖాజాగూడ రాళ్ళ మీద కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నాం. కూతురు తల్లిని ఏడిపిస్తోంది. "హిందీ నేను చెప్తలే అమ్మా, మంచిగ కూసొని ఇను." తల్లి గరిటె ఎత్తి బెదిరించింది. కానీ మరుసటి వారం నుంచి కూతురి దగ్గర పాఠానికి కూర్చుంది. ఆ మరుసటి పరీక్షలో హిందీ కూడా గట్టెక్కింది.

అదే ఏడు నాకు నల్గొండ జిల్లాలో ఉద్యోగం వచ్చింది. కూటం ఎవరికి అప్పగించాలా అని పెద్దమ్మగారితో కూర్చుని ఆలోచిస్తుండగానే తెలిసింది, వాళ్ళు అప్పటికే తేల్చేసుకున్నారని. నెలకొకరు చూసుకుంటారట. నార్సింగి నుంచి, మణికొండ నుంచి కొత్త కుటుంబాలు కూడా వస్తున్నాయట.

ఏడాదిన్నర తర్వాత సెలవులకి వచ్చినప్పుడు ఒక శనివారం తోటకి వెళ్ళాను. కోతలైపోయి పందిళ్ళు బోడిగా ఉన్నాయి. అయినా కూటం అక్కడే జరుగుతోంది. సగం మొహాలు నాకు తెలియవు. నర్సమ్మ ఎవరికో కప్ప గుండె బొమ్మ గీసి చూపిస్తోంది. తోట అక్క చేయూపి, పాఠం మధ్యలో ఉన్నానని సైగ చేసింది. నేనొక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. రెండు జడల పిల్ల ఒకతి నన్ను కిందికీ పైకీ చూసింది.

"నీ పిల్లలేరి?"

"నాకు లేరమ్మా," అన్నాను. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు.

"మరి గీడికి ఎందుకొచ్చినవ్?"

వెనక నుంచి పుప్పాలగూడ అక్క నవ్వు వినిపించింది. వచ్చి నా భుజం మీద చరిచి, "మంచి మాట అడిగినవ్ బిడ్డా! ఊకనే నిలబడకు చెల్లె, కూసో. ఈ పిల్లకి ఏడో ఎక్కం రాదు, చెప్పు," అని మమ్మల్నిద్దర్నీ చాప మీదికి తోసి, తన లెక్కల పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.